చెవుల మేస్త్రి ఇంటి కుక్క

ఆ వీధిలో క్షవరం దుకాణాలు చాలానే ఉన్నా, చెవి దగ్గరికొచ్చేసరికి అందరి కాళ్ళూ ఒక్క దుకాణం వైపే నడిచేవి. ఒకటే గది, రెండు కుర్చీలు, అంచుల్లో పూత ఊడిపోయిన పెద్ద అద్దం, వెనక ఒక తలుపు. ఆ తలుపు తీస్తే సంసారం. ఆ దుకాణం ఆయన జుట్టు కత్తిరించడంలో ఏమంత గొప్పవాడు కాదు. ఆ మాట మొహం మీద అంటే గడ్డం సగంలో ఆపి బయటికి పొమ్మంటాడు కాబట్టి ఎవరూ అనేవారు కాదు. చెవి శుభ్రం చెయ్యడంలో మాత్రం ఆయనకు ఆయనే సాటి. నుదుటికి చిన్న లైటు కట్టుకుని, సన్నటి పుల్లకు దూది చుట్టి, చెవిని రెండు వేళ్ళతో వెనక్కి లాగి పట్టుకుని పని మొదలుపెట్టాడంటే కుర్చీలో మనిషి నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. ఇంట్లో పోట్లాడి వచ్చినవాళ్ళు కూడా గురక పెట్టేవారు. అందుకే ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అని పిలిచేవారు.

మేస్త్రికి ఆ పేరంటే మహా ఇష్టం. ఎవరైనా అలా పిలిస్తే వినపడనట్టు ఊరుకుని, ఇంకోసారి పిలిపించుకుని పలికేవాడు. గొప్పలు చెప్పుకోవడం మనలో చాలామందికున్న జబ్బే. నా చెయ్యి పడితే తిరుగులేదు అనుకునేవాడి చేతిని ఆపేదెవరు? 

ఇన్ని చెవులు బాగుచేసిన మేస్త్రి భార్యకు వినపడదు. పెళ్ళైన కొత్తలో ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ ఆమె రెండు చెవులూ పట్టుకుపోయింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ తనొక్కడికే తట్టినట్టు ఒకటే జోకు వేసేవాడు: "అదృష్టవంతుడివయ్యా మేస్త్రీ, ఎంత తిట్టినా వినపడని పెళ్ళాం!"

"ఆవిడ తిట్టేవి నాకు వినపడతాయి కదయ్యా, ఇంక అదృష్టమెక్కడిది?" అని మేస్త్రి కూడా నవ్వేవాడు. నవ్వుతూనే ఆ మనిషి మెడ మీద కత్తి కాస్త గట్టిగా ఆనించేవాడు.

ఆమె ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేది. పిలవాలంటే మేస్త్రి నేల మీద కాలితో కొట్టేవాడు. అది చెక్క నేల, అదురు ఆమె పాదాలకు తెలిసేది. మాటలతో వాళ్ళకు ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మాటలు కానివాటితోనే. తలుపు కొట్టడం, నీళ్ళ తొట్టి పొర్లడం, పొయ్యి మీద పాలు పొంగడం. తన వెనక ఇల్లు ఏం చేస్తోందో ఆమెకు తెలిసేది కాదు. ఒకసారి పాలు పొంగి మంట ఆరిపోయి, వంటగదంతా గ్యాసు నిండిపోయింది. ఆమె అక్కడే కూర్చుని బొత్తాలు కుట్టుకుంటోంది. దుకాణంలో గడ్డం గీయించుకుంటున్న మనిషి వాసన పట్టి అరిచాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆమె గోడకు వీపు ఆనించకుండా కూర్చోలేదు. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకునేది కాదు. పని చేసుకుంటూ చేసుకుంటూ తల వెనక్కి తిప్పి చూసుకోవడం అలవాటైపోయి, సాయంత్రానికి మెడ పట్టేసేది.

ఒక ముసురు రోజున దుకాణం గుమ్మంలోకి ఒక కుక్క వచ్చింది. గోధుమరంగు ఒళ్ళు, దవడల కిందికి వేలాడే చెవులు. తరిమితే అవతలి గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు తిరిగొచ్చింది. వచ్చే ప్రతివాణ్ణీ ఎగాదిగా చూసి, బూట్లు వాసన చూసి గానీ లోపలికి వదిలేది కాదు. "ఎవరయ్యా ఈ కొత్త మేనేజరు?" అన్నాడు ఒక ముసలాయన. పేరు అంటుకుపోయింది.

మేనేజరుకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒకనాడు పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తుంటే ఎంతకీ ఎవరూ దించడం లేదని విసుగు పుట్టిందో ఏమో, అది లేచి వెళ్ళి ఆమె మోకాలిని ముక్కుతో పొడిచింది. ఆమె కసిరింది. మళ్ళీ పొడిచి, పొయ్యి దాకా వెళ్ళి, వెనక్కి చూసింది. ఆమెకు అర్థమైంది. కెటిల్ దించి, ఆ తడి చేతులతోనే కుక్క మొహం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. అప్పట్నుంచి తలుపు చప్పుడైతే ఒక పొడుపు, కొళాయి కారుతుంటే ఒక పొడుపు. వీధిలో అమ్మేవాళ్ళ కేకలకు మాత్రం లేచేది కాదు, అవి అనవసరం అని దాని లెక్క.

ఆమె గోడను వదిలి గది మధ్యకొచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. స్నానానికి వెళ్తే గడియ పెట్టుకుంది. మధ్యాహ్నాలు నిద్రపోయింది. తల వెనక్కి తిప్పి చూసుకోవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు. మేస్త్రికి తెలుసు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే, ఆమె వీపు ఇటు పెట్టి హాయిగా కూరగాయలు తరుగుతోంది. మేస్త్రి దుకాణంలోకి వచ్చి ఊరికే అద్దం తుడుస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

అంత మేలు చేసిన కుక్కకు మేస్త్రి ఏమివ్వగలడు? తన దగ్గరున్న గొప్ప విద్య ఒకటే. కొంప ముంచింది ఆ విద్యే.

సెలవు రోజున మేనేజరుకు స్నానం చేయించి, పిల్లలకు జుట్టు కత్తిరించేటప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే పలక ఉంటుంది కదా, దాని మీద కూర్చోబెట్టేవాడు. తడి చెవులు తడిగానే ఉండేవి. నుదుటికి లైటు, పుల్లకు దూది, దూదికి గడ్డం గీసాక రాసే లోషన్ రెండు చుక్కలు. లోపలికంటా పెట్టి తిప్పేవాడు. కుక్క మెడ ముడుచుకుని మూలిగేది.

"వద్దులేవయ్యా," అనేది భార్య. "వాడికి బాగున్నట్టు లేదు. మొహం చూడు."

"హాయిగా ఉండి అలా చేస్తోందే. ఇంతమంది పెద్దమనుషులు కుర్చీలో నిద్రపోయేది ఎందుకనుకున్నావ్? నా పనిలో నువ్వు వేలు పెట్టకు."

కొన్నాళ్ళకు మేనేజరు తల విదిలించడం మొదలుపెట్టింది. చెవులు చెంపలకు టపటపా కొట్టుకునేవి. వెనక కాలితో గోక్కునేది, చెవిని చాప అంచుకేసి రుద్దుకునేది. చెవి ఎత్తితే పులిసిన వాసన, గోధుమరంగు జిగట. మేస్త్రి మురికి ఎక్కువైందనుకుని రోజూ శుభ్రం చేశాడు. చేసినకొద్దీ జిగట ఎక్కువైంది. చివరికి విసిగి, ఒక్కడే కుక్కను తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. కుక్క చెవిలోకి గొట్టంలాంటి లైటుతో చూసి, జిగట కాస్త తీసి గాజుపలక మీద రాసి పరీక్షించి వచ్చింది.

"లోపల పుల్లలేమైనా పెడుతున్నారా?"

"శుభ్రం చేస్తుంటానమ్మా. నాకది వచ్చిన పనే."

"మనుషులకు వచ్చుండొచ్చండీ. మన చెవి దారి దాదాపు తిన్నగా ఉంటుంది. కుక్కకు అలా కాదు. ముందు కిందికి దిగి, అక్కడ లోపలికి మలుపు తిరుగుతుంది. పుల్ల పెడితే మురికి బయటికి రాదు, ఆ మలుపులోకి వెళ్ళి కూర్చుంటుంది. పైగా ఇలా వేలాడే చెవులు మూత పెట్టిన గిన్నె అనుకోండి, లోపలి తడి ఆరదు. స్నానమయ్యాక చెవులెత్తి, మెత్తటి పొడిగుడ్డ వేలికి చుట్టి, వేలు పట్టినంతవరకే తుడవండి. వారానికోసారి చెవెత్తి వాసన చూడండి. తేడాగా ఉంటే వెంటనే తీసుకురండి." చుక్కలమందు చేతిలో పెట్టి, చెవి మొదట్లో ఎలా పిసికితే మందు కిందికి దిగుతుందో కుక్క మీదే చూపించింది. "తగ్గినట్టున్నా మధ్యలో ఆపొద్దు. నేను చూసి ఆపమన్నాకే ఆపాలి. పుల్ల, లోషన్, స్పిరిట్, ఇవేవీ దగ్గరికి రానివ్వద్దు."

మేస్త్రి అన్నిటికీ తలూపాడు. దారిలో మాత్రం కుక్కతో, "నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, నాకు చెవుల సంగతి చెప్తుందే!" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి ఎంత మంచిమాటైనా తలకెక్కదు. ఇంట్లో భార్యకు చెప్పింది ఒక్క ముక్క: "ఏం లేదు, చుక్కలిచ్చింది."

చుక్కలు వేశాడు. వాసన పోయింది, విదిలించడం తగ్గింది. తగ్గాక ఇంకా ఎందుకని ఆపేశాడు. సీసా దుకాణం సొరుగులో దువ్వెనల పక్కకు చేరింది. చూపించుకోవడానికి మళ్ళీ వెళ్ళలేదు. పుల్ల కొన్నాళ్ళు ముట్టుకోలేదు గానీ, చెయ్యి ఊరుకుంటుందా? "పైపైనే" అనుకుంటూ మొదలుపెట్టాడు. జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి రెండు చెవుల్లోనూ వచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే పుల్ల పెట్టారా అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు జడిసి మేస్త్రి వెళ్ళలేదు. సిగ్గు ఎంత పాపిష్టిదో చూడండి.

ఒక పొద్దున దుకాణం తెరవక ముందు మేనేజరును పలక మీద కూర్చోబెట్టి, ఈసారి మొత్తం తీసేస్తానని పంతం పట్టి పుల్ల లోతుగా దించాడు. కుక్క అరిచిన అరుపుకు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మేస్త్రి చేతిలోని పుల్ల కింద పడింది. దూదికి నెత్తురుంది.

భార్య వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. అద్దంలో కుక్క తెరిచిన నోరు ఆమెకు కనిపించింది.

"అరిచాడా?"

"లేదు. ఆవలించాడు," అన్నాడు మేస్త్రి.

ఆమె లోపలికి వెళ్ళాక, సొరుగులోని పాత సీసా తీసి, రెండు చెవుల్లోనూ నిండుగా చుక్కలు పోశాడు. పాపం, మంచి జరగాలనే పోశాడు. మర్నాటికి మేనేజరు తల ఒక పక్కకు ఒరిగిపోయింది. నడవబోతే గుండ్రంగా తిరిగి పడిపోతోంది. తిన్నది కక్కేసింది. అయినా దుకాణం తలుపు ఎవరో కొట్టేసరికి లేచి, గోడకు రాసుకుంటూ, పడుతూ లేస్తూ వెళ్ళి ఆమె మోకాలిని పొడిచింది. ఆమె కుక్కను రెండు చేతుల్తో ఎత్తుకుని వీధిలోకి నడిచింది. అది పసిబిడ్డ కాదు, మంచి బరువు. మేస్త్రి అందుకోబోతే ఇవ్వలేదు.

ఆసుపత్రిలో మేస్త్రి భార్యను బయట బెంచీ మీద కూర్చోమని, కుక్కను తీసుకుని లోపలికి వెళ్ళాడు. మధ్యలో అద్దాల తలుపు. డాక్టరమ్మ మత్తిచ్చి చాలాసేపు చూసింది.

"ఒక చెవిలో పొర చిరిగిపోయింది. ఆ చెవి నిండా చుక్కల మందే ఉంది. చిరిగిన చెవిలో అవి వెయ్యకూడదండీ. లోపలికి దిగి నరాన్ని దెబ్బతీశాయి. అందుకే ఆ తల ఒరగడం. రెండో చెవి దారి వాచి, గట్టిపడి మూసుకుపోయింది. ఇక ఏ మందూ లోపలికి పోదు. ఇది రాత్రీ పగలూ నొప్పితోనే ఉంది. రెండు వైపులా ఆ దారే మొత్తం తీసెయ్యాలి."

"తీసేస్తే వినపడుతుందా?"

"నొప్పి పోతుంది."

"వినపడుతుందా అమ్మా?"

"వినపడదండీ."

"అది కుక్క కాదమ్మా, మా ఆవిడ చెవులు. ఆ మూసుకుపోయిన చెవిలో కాస్తో కూస్తో వినపడుతోంది కదా? దాన్ని అలా ఉంచేద్దాం. నొప్పికి ఏదైనా మాత్రలివ్వండి. కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరమ్మ జవాబు చెప్పేలోపల అద్దాల తలుపు తెరుచుకుంది. మేస్త్రి భార్య లోపలికి వచ్చి, కుక్క పక్కన నిలబడింది.

"తీసెయ్యండి డాక్టరమ్మా. అంత నొప్పి పెట్టుకుని వాడు నాకు కాపలా కాయక్కర్లేదు." ఆమె గొంతు ఎంత పెద్దదైపోయిందో ఆమెకు తెలియదు. బయట కూర్చున్నవాళ్ళందరూ ఇటు చూశారు. అప్పుడు మేస్త్రి వైపు తిరిగింది. "నువ్వు నాకు వీపు పెట్టి నిలబడ్డావు గానీ, ఆవిడ పెదవులు నాకు కనపడుతూనే ఉన్నాయయ్యా. మొదట్నుంచీ చదివాను."

ఆ మాట తర్వాత ఆమె మేస్త్రి పెదవుల వైపు చూడడం మానేసింది. పెదవులు చూడకపోతే ఆమెతో మాట్లాడే దారే లేదు. నేల మీద ఎంత కొట్టినా, తెలిసి కూడా తల తిప్పేది కాదు.

ఆపరేషన్ బాగానే అయింది. కుట్లు మానాక మేనేజరు నిజంగానే మారిపోయింది. ఇన్నాళ్ళూ ముసలిదైపోయిందేమో అనుకున్న కుక్క, నొప్పి పోయేసరికి చెప్పులు ఎత్తుకెళ్ళి దాచడం మొదలుపెట్టింది. తినేది, గెంతేది, ఒళ్ళు మరిచి నిద్రపోయేది. తల కొంచెం ఒరిగే ఉంది. దాన్ని అలా చూసి సంతోషించాలో ఏడవాలో మేస్త్రికి తెలియలేదు. కెటిల్ ఈల వేస్తుంటే దాని ముందే పడుకుని తోక నాకేది. ఆవిరి కంటపడితే లేచి చూసేది, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ పడుకునేది. వంటగదిలో ఆమె మళ్ళీ గోడకు జరిగింది. మళ్ళీ తల వెనక్కి తిరగడం మొదలైంది. ఇప్పుడు కుక్క నిద్రపోతుంటే దాని వెనక్కి కూడా ఆమే చూసేది.

మేస్త్రి చెవుల పని మానేశాడు. ఎవరైనా అడిగితే, "కళ్ళు సరిగా ఆనడం లేదు," అనేవాడు. కుక్కలున్నవాళ్ళు దుకాణానికొస్తే మాత్రం వదిలేవాడు కాదు. గడ్డానికి నురగ పూసి, ఇక లేచి పోలేరని నమ్మకం కుదిరాక మొదలుపెట్టేవాడు: "స్నానమయ్యాక చెవులు ఆరబెడుతున్నారా? వాసన చూస్తున్నారా? పుల్ల పెట్టరు కదా? చుక్కలు డాక్టరు ఆపమన్నాకే ఆపాలి, పాత సీసా అసలు ముట్టుకోకూడదు." మేస్త్రికి చాదస్తం పట్టుకుందని జనం నవ్వుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాడు కనీసం పక్కవాడికైనా ఆకులివ్వాలి కదా.

ఇంతదాకా చెప్పని సంగతి ఒకటుంది. చెప్పాలంటే కష్టంగా ఉంది.

ఆమె ఏడ్చేది. ఈ మధ్య కాదు, చెవులు పోయినప్పట్నుంచీ. దుకాణంలో మేస్త్రి పనిలో ఉండగా, వెనక గదిలో ఒక్కతే కూర్చుని ఏడ్చేది. లోలోపలే ఏడుస్తున్నానని ఆమె నమ్మకం. తన ఏడుపు తనకు వినపడదు కదా, నిశ్శబ్దంగానే ఉందనుకునేది. నిజానికి అది గోడ దాటి వచ్చేది. కుర్చీలో మనిషి ఉంటే మేస్త్రి రేడియో పెంచేవాడు. లోపలికి వెళ్ళి ఏమనాలో తెలియక వెళ్ళేవాడు కాదు. మేనేజరు వచ్చాక ఆ బాధ తీరింది. మొదటి ఎక్కిళ్ళకే అది గుమ్మంలోంచి లేచి, తలుపును ముక్కుతో తోసుకుని లోపలికి పోయేది. కాసేపటికి ఏడుపు ఆగేది. హమ్మయ్య అనుకుని మేస్త్రి కత్తెర అందుకునేవాడు.

ఆ మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేరు. వెనక గదిలో ఏడుపు మొదలైంది. మేనేజరు గుమ్మంలో ఎండకు ఒళ్ళప్పగించి నిద్రపోతోంది. ఏడుపు పెరిగింది. మేస్త్రి కుక్క వైపు చూశాడు. అది కాళ్ళు చాపుకుని ఇంకో పక్కకు తిరిగింది. ఇక ఆ ఇంట్లో ఆ చప్పుడు వినేది తనొక్కడే.

లేచాడు. తలుపు తోశాడు. ఆమె గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని నేల మీద కూర్చుని ఉంది. మేస్త్రి మెల్లగా వెళ్ళి పక్కన కూర్చున్నాడు. చెక్కల అదురు తెలిసి, ఆమె కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపింది. ఆ చెయ్యి మేస్త్రి తల మీద పడి, జుట్టులోకి జరిగి, ఆగిపోయింది.

ఆమె కళ్ళు తెరిచింది. చాలారోజుల తర్వాత అతని మొహంలోకి నేరుగా చూసింది.

"నువ్వా? నేను ఏడుస్తున్నానని నీకెలా తెలిసింది?"

మేస్త్రి వేలితో తన చెవి చూపించాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమవుతున్నకొద్దీ మొహం పాలిపోయింది. "వినపడుతుందా? దుకాణం దాకా?"

అతను తలూపాడు.

"వాడు రాకముందు కూడా?"

తలూపాడు.

"ఇన్నేళ్ళూ వింటూ అక్కడ కూర్చున్నావా?"

అబద్ధమాడడానికి ఆ రోజు మేస్త్రికి ఓపిక లేదు. తలూపాడు. ఆమె అతని తల మీంచి చెయ్యి తీసేసుకుంది. తువ్వాలుతో మొహం తుడుచుకుని, లేచి, పొయ్యి మీద ఏముందో చూడడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మేస్త్రి పనిలేనప్పుడల్లా వెనక తలుపుకు దగ్గరగా కుర్చీ జరుపుకుని కూర్చుంటాడు. రేడియో పెట్టడం లేదు. కొళాయి చప్పుడు వింటే లేస్తాడు, కెటిల్ ఈలకు లేస్తాడు, వీధి తలుపుకు లేస్తాడు. ఆమె ఏడుపు మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా వినపడలేదు. ఏడవడం మానేసిందని కాదు. ఉతకడానికి వేసే బట్టల్లో అప్పుడప్పుడూ ఒక తువ్వాలు దొరుకుతుంది, మధ్యలో పంటి గాట్లతో.